బంతాటకి నిండు బిందె

ఈవేళ మా ఆయన రాజాంలో ఫుట్‌బాల్ ఆట చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, ఆట మొత్తం నాకు చెప్పారు. ఇందులో వింతేముందని మీరనుకోవచ్చు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన ఆటలకి వెళుతూనే ఉన్నారు, వచ్చినప్పుడల్లా నేను తలుపు తీస్తూనే ఉన్నాను. తలుపు తీసినందుకు నాకు దక్కేది ఒక్క ముక్క: "గెలిచేం" అనో, "పోయింది" అనో. మిగతా ఆటంతా ఇల్లు చేరకముందే వీధిలో ఖర్చయిపోయేది. ఈవేళ మాత్రం పులుసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఉప్పుగిన్నె ఒక గోలు, ఆవకాయ జాడీ ఇంకో గోలు చేసి చెప్పుకొచ్చారు. మధ్యలో "అప్పుడు కార్నర్ కొట్టేడు చూడూ..." అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. "మనం ఓడిపోతే నీకు నవ్వెందుకొస్తోంది?" అని చిన్నబుచ్చుకున్నారు. ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోయారు. చంటిదాని ఉయ్యాల తాడు ఎడంచేత్తో లాగుతూ ఇది రాస్తున్నాను. పెద్దవాడికి సాయంత్రం నుంచి ఒళ్ళు వెచ్చగా ఉందని నాకనుమానం. ఆయనకి లేదు. మధ్యమధ్య లేచి వెళ్ళి వాడి నుదురు ముట్టుకుని వస్తూ ఉంటాను. కథ ఎక్కడైనా తెగితే అందుకే అనుకోండి.

ఆ నవ్వు సంగతి చెప్పాలంటే ముందు అప్ప సంగతి చెప్పాలి. మా ఆయన మేనమామ ఇల్లు శ్రీకాకుళంలో మా వీధి చివరే. బెల్లం వ్యాపారం, సొంత లారీ. కూతుర్ని రైల్వే గార్డుకిచ్చారు. అతను ఎప్పుడూ రైలు మీదే ఉంటాడు కనక ఆమె పుట్టింట్లోనే ఉండేది. మా ఆయనకి స్వయానా మేనమరదలు. ఒకప్పుడు ఇద్దరికీ పెళ్ళనుకున్నారనీ, జాతకాలు కుదరక మానుకున్నారనీ, నేను కాపురానికొచ్చిన కొత్తలోనే మా అత్తగారు బియ్యం చెరుగుతూ, బియ్యంలో రాయి ఏరి పారేసినంత తేలిగ్గా చెప్పారు. ఆ రాయి మాత్రం నా పంటి కింద ఉండిపోయింది. ఆమె నాకంటే కొంచెం పెద్దది. భర్తకి మేనమరదలైతే నాకు వరసకి అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం. నేను అప్ప అననే అనలేదు. "వదినా" అని పిలిచేదాన్ని. వదినంటే ఆడపడుచు, అంటే ఆయనకి తోబుట్టువన్న మాట. ఒక్క పిలుపుతో ఆమెని ఆయనకి చెల్లెల్ని చేసేద్దామని నా ఎత్తు. మా అత్తగారు ఊరుకునేవారు కాదు. "ఒదినేటే, ఒదిన! అది ఆడికి మరదలు. నీకు అప్పవుతాది. బీయే సదివేవు, వరస తెల్దా?" అనేవారు. "అలవాటైపోయిందత్తయ్యా" అనేదాన్ని. అలవాటు కాదని నాకు తెలుసు. అప్పకీ తెలుసు. నేను వదినా అన్నప్పుడల్లా పెదవి చివర చిన్నగా నవ్వి, వెంటనే కిటికీలోంచి ఆయన్ని కేకేసేది: "ఓ బావా!" అని. నాకు "ఏమండీ" తప్ప ఇంకో పిలుపు లేదు. ఆమెకి బావ ఉన్నాడు. ఆ రెండక్షరాలూ వీధి ఆ చివర నుంచి ఈ చివరకి బంతిలా దొర్లుకుంటూ వచ్చేవి.

మా ఊరి జట్టు నాగావళి ఇసకలో ఆడి నేర్చుకున్న జట్టు. బనీన్లు నీలిమందులో ముంచి వేసుకునేవారు. సగం మందికి బూట్లుండేవి కావు. వాళ్ళు ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరు మా ఆయన, ఆయన స్నేహితుడు కంపౌండరు, ఇంకో ముగ్గురు కలిసి వెళ్ళేవారు. బస్సు టాపు మీదైనా సరే, పాసింజరు రైలు తలుపు దగ్గరైనా సరే. బయలుదేరే ముందు ఒక తంతుండేది. అందరూ మా అరుగు మీద చేరి, కండువాలు సర్దుకుని, కదలకుండా కూర్చునేవారు. ఎవరి కోసమయ్యా అంటే, అప్ప కోసం. ఆమె స్నానం చేసి, మొహానికి పసుపు రాసుకుని, ఇంత కుంకుమ పెట్టుకుని, నిండు నీళ్ళ బిందెతో వీధి చివర నుంచి ఎదురొచ్చేది. అప్పుడు లేచి బయలుదేరేవారు. ఆమె ఎదురొస్తే జట్టు గెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ఆమె అత్తవారింటికి వెళ్ళినప్పుడు ఒకసారి, సంగతి తెలియని నేను పొట్టు పారబోసి ఖాళీ చేటతో గుమ్మంలోకి వచ్చాను. ఆ ఆటలో మన జట్టు చిత్తుగా ఓడిపోయింది. అప్పటి నుంచి ఆటల రోజున కంపౌండరు నన్ను చూసి చేతులు జోడించేవాడు. "సెల్లెమ్మా, ఏటనుకోకు. మేం బస్సెక్కీదాకా కాసేపు లోపలుండమ్మా." నేను తర్కశాస్త్రం చదువుకున్నదాన్ని. చేటకీ గోలుకీ సంబంధం లేదని నిరూపించగలను. తలుపు చాటున నిలబడి మనసులో ఎన్నోసార్లు నిరూపించాను కూడా. ఏం లాభం, బయట బిందె తళుక్కుమనేది, "పదండ్రా!" అని కేక వినబడేది, చెప్పుల చప్పుడు దూరమయ్యేది.

అంతకంటే నన్ను కాల్చింది తిరిగొచ్చినప్పటి సంగతి. ఆయన బస్సు దిగి వస్తూ ముందు అప్ప వాళ్ళ అరుగు మీద కూర్చునేవారు. "మొదట్నుంచి సెప్పు బావా, ఒక్క ముక్క ఇడిసిపెట్టకు," అనేది. ఆయన ఎడమ నుంచి ఎవడు పరిగెత్తాడో, గోలు కాసేవాడు ఎటు దూకాడో అన్నీ చెప్పేవారు. ఆమె ఊపిరి బిగబట్టి వినేది. మధ్యలో ఆత్రంగా "కార్నర్ కొట్టేడా నేదా, అది సెప్పు ముందు!" అనేది. "కొట్టేడే! అల్లా ఇల్లా కాదు. కొట్టగానే గోలే!" అని ఆయన చప్పట్లు చరిచేవారు. నేను పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడి, నాకు దక్కని ఆ మాటలన్నీ ఆమెకి కంఠతా వచ్చినట్టుండడం చూసి ఉడికిపోయేదాన్ని. ఆ తరవాత ఆయన ఇంటికొచ్చి నాకు "గెలిచేం" అనేవారు. అప్పటికి ఆ మాటలో ఏ రుచీ ఉండేది కాదు. పిల్లవాడి ఒళ్ళు ఎలా ఉందో చెప్పబోతే ఆవలించేవారు.

నేను చెప్పబోయేది వరికోతల నాటి ఒక ఆదివారం. పెద్దవాడికి అప్పుడు పళ్ళొస్తున్నాయి. పర్లాకిమిడిలో, అక్కడి జట్టుతో మన వాళ్ళకి ఆఖరి ఆట. గెలిచిన వాళ్ళకి కప్పు. పర్లాకిమిడి ఒరిస్సాలోది, మన పాతపట్నానికి అవతలి పక్క. ఆట వేళకి అక్కడికి చేర్చే బస్సు మధ్యాహ్నం ఒక్కటే ఉంది. మా అత్తగారు ఆదివారం కనక అరసవిల్లి గుడికి వెళ్ళారు. ఇంట్లో అడ్డు చెప్పేవారు లేరు. నేను ముందు రోజే నిశ్చయించుకున్నాను, ఈసారి ఎదురు నేనే రావాలని. పెళ్ళినాటి నీలం అంచు చీర కట్టుకున్నాను. కుంకుమ అప్పకంటే పెద్దదే పెట్టాను. పిల్లవాణ్ణి చంకనేసుకుని, రెండో చంకలో నిండు బిందెతో దొడ్డి దారిన వెళ్ళి, వీధి మొగ తిరిగి, అప్ప గడప దాటకముందే మా అరుగుకి ఎదురుగా నడిచొచ్చాను. గెలిస్తే అది నా గెలుపవుతుంది, ఆయన ముందు నా దగ్గరికే వచ్చి చెప్పాల్సి ఉంటుంది. తర్కశాస్త్రం ఆ పూటకి గూట్లో పెట్టాను.

నన్ను చూసి మా ఆయన లేచి నిలబడ్డారు. మొహంలో ఏదో మెరిసిందనుకున్నాను. అంతలో కంపౌండరు రెండు చేతులూ చాపి అందర్నీ ఆపేశాడు. "ఆగండ్రా! ఒక్కడు కదిల్తే ఒట్టు. సేట సెల్లెమ్మ వచ్చీసింది!" చేట చెల్లెమ్మ. నాకు వెనకాల ఉన్న పేరు ఆ రోజు తెలిసింది. మా వైపు మంచి ఎదురు కాకపోతే వెనక్కి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, బెల్లం ముక్క తిని, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరాలి. అంతమందీ పద్ధతిగా నా పక్క నుంచే పెరట్లోకి వెళ్ళారు. ఒకరి తరవాత ఒకరు కాళ్ళు కడుక్కున్నారు. ఆయన కూడా కడుక్కున్నారు, నా వంక చూడకుండా. బిందె దింపడం మరిచిపోయి నిలబడ్డాను. ఆ తరవాత అప్ప కోసం కూర్చున్నారు. ఆమె ఆ రోజు తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఆమె బిందెతో వచ్చేసరికి, వాళ్ళు పరుగున స్టాండుకి వెళ్ళేసరికి, బస్సు వెళ్ళిపోయింది.

మళ్ళీ అరుగు మీదికి వచ్చి కూలబడ్డారు. ఎవరూ నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. మా ఆయన తల వంచుకుని కండువా మడతలు పెడుతున్నారు, విప్పుతున్నారు. అప్ప నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది.

"ఏటలా దిష్టిబొమ్మల్లాగ కూకున్నారు? బస్సెల్లిపోతే ఆట ఎల్లిపోద్దా? మా నాన్న లారీ సందేళ పర్లాకిమిడి సంతకే గదా ఎల్తాది. ఇప్పుడే ఎల్తాది. బెల్లమేటి పులిసిపోద్దా?"

కంపౌండరు ఆమె కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. "నువ్వు తల్లివమ్మా!"

"అయితే నానూ వస్తాను," అంది.

"నువ్వెందుకే?" అన్నారు మా ఆయన.

"ఇన్నాళ్ళూ ఎదురొచ్చేను గదా బావా. ఓపాలి ఎనకాల వస్తాను." అందరూ ఘొల్లుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. "మొగోళ్ళతో ఒక్కద్దాన్నీ ఎల్తే మాయమ్మ సంపీస్తాది. దీన్ని కూడా తీసుకెల్దాం."

దీన్ని అంటే నన్ను. ఆమెకి తోడుగా, ఎదురుకి పనికిరాని నన్ను. పిల్లవాడికి పళ్ళొస్తున్నాయి, దారంతా దుమ్ము, నీళ్ళు పడవు, చలిగాలి అనవలసినవన్నీ నా నోటి దాకా వచ్చాయి. ఆమెని ఒక్కదాన్నే పంపితే ఏమవుతుందన్న ఆలోచన వాటికంటే ముందు బయటపడింది. "కాచిన నీళ్ళు సీసాలో పోసుకుని వస్తాను, ఉండండి" అన్నాను.

లారీలో డ్రైవరు పక్కన మేమిద్దరం, మా మధ్య పిల్లవాడు. మగవాళ్ళు వెనక బెల్లం దిమ్మల మీద. వంశధార దాటాక రోడ్డు పక్కన కోసిన వరి పనలు వరసగా పడుకుని ఉన్నాయి, దూరంగా కొండలు మసకలో కలిసిపోతున్నాయి. నాకవేమీ పట్టలేదు. కొంగుతో పిల్లవాడి ముక్కు మూస్తూ, వాడికి ఊపిరాడుతోందా అని మళ్ళీ తీసి చూస్తూ కూర్చున్నాను. వాడు చిగుళ్ళు దురదపెట్టి ఏడుపందుకున్నాడు. అప్ప వెనక్కి చెయ్యి పెట్టి ఇంత బెల్లం విరిచి, శుభ్రమైన గుడ్డముక్కలో కట్టి వాడి నోట్లో పెట్టింది. "అయ్యో, వద్దు వదినా, కడుపులో పురుగులు..." అంటూనే ఉన్నాను. ఆ దొంగ వెధవ దాన్ని చీకుతూ ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. "నీ కొడుక్కి నానంటే ఇష్టమే, ఒసే," అంది. వీణ్ణి కూడానా అనుకున్నాను.

లారీని మైదానం దడికి ఆనించి ఆపారు. మేమిద్దరం వెనకవైపు దిమ్మల మీదికెక్కి కూర్చున్నాం. మా ఆయన వాళ్ళు కింద, చక్రం పక్కనే నిలబడ్డారు. చుట్టూ ఒరియా కేకలు, గొడుగులు, వేరుసెనగకాయల వాసన. ఆట మొదలైంది. ఇప్పుడిక ఆమె పాండిత్యం విని చావాలి కదా అని నేను పళ్ళు బిగించుకున్నాను. ఆమె నోరు విప్పలేదు. పట్టుచీర కట్టుకొచ్చిన మనిషి ఒళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చుంది. బంతి ఎటు వెళితే జనం తలలు అటు తిరుగుతున్నాయి, ఆమె తల తిరగడం లేదు. ఆడే వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే వెతుకుతోంది. చాలాసేపయ్యాక నా చెవి దగ్గరికి వంగింది.

"ఒసే, ఈళ్ళల్లో కార్నరెవుడు?"

"ఎవరు?"

"అదేనే, కార్నరు. బావ ఎప్పుడూ సెప్తాడు గదా, కార్నర్ కొట్టేడు, కార్నర్ కొట్టేడని. ఆడు కొడితే గోలేనట. రైల్వేలో పనిసేసే దొరలాంటోడేమో అనుకున్నాను. ఈళ్ళందరూ బక్కోళ్ళే. ఆడు రానేదేటి?"

ఒక్క క్షణం పట్టింది నాకు. కాలేజీ మైదానంలో నేను చూసిన ఆటే. బంతి గోలు కాసే జట్టుకి తగిలి గోలు పక్క గీత దాటి బయటికి పోతే, మైదానం మూల పెట్టి లోపలికి కొడతారే, దాన్నే కార్నర్ అంటారు. కార్నర్ కొట్టాడు అంటే ఎవరో ఒకడు మూల నుంచి కొట్టాడని. మన తెలుగులో ఆ "ఎవరో ఒకడు" మాటలోంచి జారిపోతాడు, మిగిలేది కార్నర్, కొట్టడం. ఆమె ఆ జారిపోయిన చోట ఒక మనిషిని నిలబెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆ మనిషి ఆమె అరుగు మీద ఆడుతున్నాడు. అంటే ఈమె ఇంతవరకు ఒక్క ఆటా చూడలేదు! అంతమందిని సాగనంపింది, ఊరికి ఇన్ని గెలుపులు తెచ్చిపెట్టిందని పేరు మోసింది, బిందె దింపుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఎవరూ రమ్మనలేదు. ఆయన చెబుతున్నది ఆమెకి ఎలా అర్థమవుతోందో ఆయన ఒక్కసారైనా అడగలేదు. నాకు "గెలిచేం" అని ఒక్క ముక్క చెప్పిన మనిషీ, ఆమెకి ఆట మొత్తం చెప్పిన మనిషీ ఒక్కడేనని అప్పుడు తెలిసింది.

కింద చక్రం పక్కన ఆయన, కంపౌండరు. కొంచెం గొంతు పెంచి "కార్నరంటే మనిషి కాదు వదినా!" అన్నానంటే చాలు. ఆ నవ్వు శ్రీకాకుళం దాకా లారీలో వచ్చేది, ఆ వీధిలో ఏళ్ళపాటు ఉండిపోయేది. చేట చెల్లెమ్మ పేరు మరుగున పడేది. మాట నాలుక చివర దాకా వచ్చింది, తియ్యగా ఉంది కూడా. ఆమె మొహం చూశాను. కుంకుమ చెమటకి కరిగి ముక్కు మీదికి కారింది. ఆమె దాన్ని తుడుచుకోవడం లేదు, కళ్ళు ఇంకా వెతుకుతున్నాయి.

"ఇంకా రాలేదప్పా. వస్తాడు," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఏటన్నావు?"

"వస్తాడన్నాను."

"అది కాదే. దానికి ముందు."

నేను పిల్లవాడి నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

ఆట ముగియబోతుందనగా బంతి మూలకి చేరింది. నీలిబనీను వేసుకున్న బక్కపలచని మనవాడొకడు, బూట్లు లేని కాళ్ళతో, బంతిని గీత దగ్గర పెట్టి వెనక్కి నడిచాడు. "అదిగో అప్పా, అతనే," అన్నాను. అతను కొట్టాడు. బంతి గాల్లో వంగి వచ్చింది, ఎవరిదో తల తగిలింది, వల ఊగింది. మా వాళ్ళు ఒక్కసారి పైకి లేచారు. మా ఆయన రెండు చేతులూ ఎత్తి, గిర్రున వెనక్కి తిరిగి, లారీ మీదికి చూశారు. ఆయన మొహంలో అంత వెలుగు నేను పెళ్ళిలో కూడా చూడలేదు. అప్ప చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను. మేమిద్దరం భుజం భుజం ఆనించుకుని కూర్చుని ఉన్నాం. ఆ చూపు మా ఇద్దరిలో ఎవరికో ఆ రోజు తెలియలేదు, ఆ తరవాత నేను అడగలేదు. చెరిసగం పంచుకోడానికి అదేం బెల్లమా?

ఆట కాగానే ఆయన చక్రం మీద కాలు పెట్టి పైకొచ్చారు. అలవాటు చొప్పున అప్ప వైపే తిరిగి "కార్నర్ కొట్టేడు సూడే..." అని అందుకున్నారు.

"సూసేన్లే బావా. మరీ బక్కోడు," అందామె.

"ఎవడు?"

"ఏమండీ, బాబుకి పాలవేళయింది, అటు దిగండి," అన్నాను గబగబా. నా జీవితంలో ఆయన్ని ఆట మధ్యలో ఆపడం అదే మొదలు.

తిరుగుదారిలో పాతపట్నం దాటాం. వెనక మగవాళ్ళు గొంతులు పోయేలా పాడుతున్నారు. అప్ప చిన్నగా అంది: "ఇంతేనేటే ఆట? బావ సెప్పినప్పుడు ఇంకా పెద్దదే. ఆ మైదానానికి అవతలొడ్డు కనపడీది కాదు. కార్నరు ఆరడుగులుండీవోడు. ఆడి బూట్లు తళతళమనీవి. ఆడొస్తంటే అందరూ పక్కకి తప్పుకునీవారు." ఆ మాట వింటూంటే నా అసూయ చల్లారుతుందనుకున్నాను. లేదు. అప్పటి వరకూ నేను అసూయపడింది ఆమె బిందెని చూసి, బావ అన్న పిలుపు విని. అసలు ఆమె దగ్గర ఉన్నది ఇదన్న మాట. అవతలి ఒడ్డు కనిపించనంత మైదానం! ఆయన మాటల్లోంచి తనే కట్టుకుంది. నాకు అలాంటిది ఎవరూ ఇవ్వలేదు, ఇచ్చినా కట్టుకోగలిగేదాన్ని కాదేమో. ఆ రోజు దాన్ని ఆమె పోగొట్టుకుంది కూడా. ఆ తరవాత అరుగు మీద ఆయన ఎన్ని ఆటలు చెప్పినా, కార్నర్ కొట్టాడా అని ఆమె అడగడం నేను వినలేదు.

ఈ ఏడాది ఆమె భర్తకి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. ఆమదాలవలస స్టేషనుకి అందరం వెళ్ళాం. రైలు కదలబోతుంటే కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుంది. "సెల్లీ, ఆ బక్కోణ్ణి కాసింత సూసుకో," అని, వదినా అన్నప్పుడు నవ్వే ఆ నవ్వే నవ్వింది. కార్నరంటే మనిషి కాదని ఎప్పుడు తెలుసుకుందో, ఎవరు చెప్పారో. నేను "అలాగే అప్పా" అన్నాను. మా ఆయన ఏమీ బోధపడక దారి పొడవునా "బక్కోడెవరే?" అని అడుగుతూనే ఉన్నారు.

ఇవాళ పొద్దున రాజాం బయలుదేరేముందు అరుగు మీద కూర్చున్న వాళ్ళు అలవాటుగా వీధి చివరకి చూశారు. అక్కడెవరూ లేరు. నేను బిందె తీసుకుని ఎదురు నడిచాను. కంపౌండరు నోరు తెరిచి, మా ఆయన్ని చూసి, మూసేసుకున్నాడు. ఎవరూ కాళ్ళు కడుక్కోడానికి వెనక్కి తిరగలేదు. మన జట్టు ఓడిపోయింది, అయినా ఆయన బస్సు దిగి, అప్ప వాళ్ళ చీకటి అరుగు దాటుకుని తిన్నగా ఇంటికొచ్చి, ఉప్పుగిన్నె, ఆవకాయ జాడీ ముందు పెట్టుకుని ఆట మొదట్నుంచీ చెప్పారు. ఇన్నేళ్ళూ కిటికీ దగ్గర నిలబడి నేను కోరుకున్నది ఇదే కదా అని, కళ్ళు ఇంత చేసుకుని విన్నాను. కార్నర్ కొట్టేడు అనగానే అప్ప మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది, నవ్వు ఆగాక నాకు మైదానం మూల కనబడింది, గీత కనబడింది, బంతి కనబడింది. ఎంత వెతికినా అక్కడ మరెవరూ లేరు. కాలం నా వంతు నాకు తెచ్చి ఇచ్చింది. వచ్చేసరికి కార్నర్ ఆట మానేశాడు.